కలహారీ కంచె గేటు

"తొక్కు! ఇంకా తొక్కు!"

పక్కటెముకల్లో తుపాకీ గొట్టం గుచ్చుకుంటోంది. సఫారీ జీపు నడిపే సెతున్యా కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయింది. కలహారీ ఇసుకలో జీపు ఎగిరెగిరి పడుతోంది.

పొద్దు గూకుతోంది.

పక్క సీట్లో రియాన్. వారం రోజులుగా మిగతా బ్యాక్‌ప్యాకర్లతో పాటు ఆమె జీపులోనే తిరిగాడు. ఆమె కాచిన జొన్నగంజి లొట్టలేస్తూ తాగాడు. ఏనుగు కనిపిస్తే చిన్నపిల్లాడిలా గంతులేశాడు. పాపిష్టివాడు! వాడి సంచీలో ఇప్పుడు నెత్తురారని ఖడ్గమృగం కొమ్ముంది.

వెనక టార్పాలిన్ కింద ఆమె తమ్ముడు ఒరాటిలె. అభయారణ్యంలో ఫారెస్ట్ గార్డు. చేతులు కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి పడేశాడు రియాన్.

"గేటు దగ్గర నోరు జారావో, ముందు పోయేది నీ తమ్ముడే!"

"నీకు దణ్ణం పెడతాను... వాణ్ణేం చెయ్యకు!"

అదిగో గేటు! పశువుల జబ్బులు అటూఇటూ పాకకుండా వేసిన కంచె. అక్కడ ఎంతటివాడైనా దిగి, బూట్లు మందునీళ్ళ తొట్టిలో ముంచాల్సిందే.

కాపలా మొకోసి తాత టార్చి పట్టుకుని వచ్చాడు. ఆమెని ఏళ్ళ తరబడి ఎరిగిన మనిషి.

"దుమెలా, మ్మా! ఒళ్ళు కులాసాయేనా?"

సెతున్యా తిరిగి దుమెలా అనలేదు.

"గేటు తియ్యి."

తాత నిలబడిపోయాడు. బోట్స్వానాలో పగవాడితోనైనా ముందు దుమెలా అనే పలకరింపు, తర్వాతే మాట. సెతున్యా చెప్పలేదంటే...

రియాన్‌కి అదేమీ పట్టలేదు.

టార్చి వాడి ముఖం మీదకి తిరిగింది.

"దిగు నాయనా. బూట్లు ముంచు."

"ముందు ఆవిడని దిగమను."

"డ్రైవరమ్మ సంగతి తర్వాత. నువ్వు దిగకపోతే రాత్రంతా ఇక్కడే జాగారం!"

రియాన్ పళ్ళు నూరాడు. టార్పాలిన్ వైపు ఓ చూపు చూశాడు. సంచీ సీట్లోనే వదిలి, తుపాకీ చొక్కా కింద దోపుకుని దిగాడు.

ఒక కాలు తొట్టిలో... రెండో కాలు...

"పో తల్లీ! పో!"

తాత గేటు కర్ర పైకెత్తేశాడు.

జీపు ముందుకి దూకింది!

ఢామ్!

అద్దంలో... తాత కూలిపోతున్నాడు.

"అయ్యో తాతా! నా మూలంగానే..." సెతున్యా బ్రేకు తొక్కేసింది.

"ఆపకు. పోనీ."

ఉలిక్కిపడి తిరిగింది. ఒరాటిలె లేచి కూర్చున్నాడు. నోట్లో గుడ్డ లేదు. చేతులకి తాడు లేదు!

"బతికావురా తమ్ముడూ! వాడు తాతని కాల్చాడ్రా, వెనక్కి వెళ్దాం..."

"పోనీ అంటున్నానా!"

ముందు సీట్లోని సంచీ తమ్ముడి ఒళ్ళోకి పోయింది. టార్పాలిన్ కింద దాచిన తుపాకీ ఆమె మెడ మీద చల్లగా తగిలింది.

"ఆ జంతువు ఎక్కడ నీళ్ళు తాగుతుందో రియాన్‌కి చెప్పింది నేనే అక్కా. తాడు కట్టించుకున్నదీ నేనే. నా ప్రాణం అడ్డం పెడితే తప్ప నువ్వు బండి తియ్యవు."

"ఒరేయ్... నిన్ను ఎత్తుకు పెంచాన్రా!"

"అందుకే బతిమాలుతున్నా. పోనీ."

అద్దంలో తాత చెయ్యి కదిలింది. బతికే ఉన్నాడు! రియాన్ ఆయన మీదకి వంగుతున్నాడు.

సెతున్యా కళ్ళు తుడుచుకుంది. స్టీరింగ్ గేటు వైపు గిర్రున తిప్పేసింది.

"అక్కా! వద్దు!" ఒరాటిలె వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

ఢామ్!