మల్లప్ప బట్టీ తలుపు

1989 మార్చి తొమ్మిది, గురువారం, రాత్రి పదకొండు గంటల ఇరవై నిమిషాలు. శివరాత్రి వెళ్లిన మూడోనాడు. టైము ఇంత సరిగ్గ ఎట్ల తెలుసంటే, దస్తగిరి మామ చేతి గడియారం చూసి చెప్పిండు. ఆయన గడియారం అయిదు నిమిషాలు ముందు పోతదని మా అమ్మ అనేది. అంటే పదకొండుంబావు.

మేళ్లచెరువు దాటినంక, సున్నపురాళ్ల నడుమ మల్లప్ప బట్టీ అని ఒక జాగా ఉంటుండె. వెనకట సున్నం కాల్చిన బట్టీ. మల్లప్ప అనే మనిషి ఒక చలికాలం రాత్రి, కాలుతున్న బట్టీ మీద వెచ్చగ ఉంటదని పండుకున్నడట. పైన గట్టిగ ఉన్నట్టే ఉండి లోపల రాయి కుంగింది… తెల్లారి చూస్తే మనిషి లేడు. తువ్వాల ఒక్కటే పక్కన మడిచి పెట్టి ఉండెనట.

అప్పటి సంది ఆ జాగకు చెడ్డపేరు. పొద్దుగూకినంక ఆ దారిన పోయేటోళ్లకు లోపలికెల్లి సప్పుడు ఇనవడతదని చెప్పుకునేటోళ్లు. తలుపు తియ్యమని కొడతడట. సున్నపు బట్టీకి తలుపెక్కడిది అని ఎవరన్న అడిగితే — అందుకే ఇంకా కొడుతున్నడు అనేటోళ్లు.

మా నాయిన ఐలేశం తన బట్టీ కట్టుకున్నది సరిగ్గ ఆ జాగల్నే.

మేము కుమ్మరోళ్లం. పోచమ్మ తల్లికి మా ఇంటోళ్లే పూజారులు. ప్లాస్టిక్ బిందెలొచ్చినంక కుండలు అడిగేటోళ్లు తగ్గిండ్రు. నాయిన ఆరు నెలలు శిక్షణకు పోయి, ఊరగాయ జాడీలు, వాటికి సరిపోయే మూతలు, నీళ్ల కూజాలు సారె మీద తీసి, సోడాతోని కాల్చుడు నేర్చుకొని వచ్చిండు. మన కుండలు కాల్చే ఆముల అవి కాలవు. రెండు దినాలు తుమ్మకట్టెలు మండాలె. లోపల తెల్లగ మెరిసేదాక మండాలె. అప్పుడు బట్టలుతికే సోడా కలిపిన నీళ్లు బట్టీ బొక్కలకెల్లి లోపలికి కొడితే, అది ఆవిరై, మట్టికి అంటుకొని అద్దమైతది. పత్తికి మందు కొట్టే పంపుతోని కొట్టిండు. పంపు కొత్తదే. ఈ మాట రాయకపోతే మా అమ్మ ఒప్పుకోదు.

ఊళ్లె గడ్డి ఇండ్ల నడుమ అంత మంట వద్దన్నరు. మిగిలింది మల్లప్ప జాగా. ఊరోళ్లు కూసోని ఒక షరతు పెట్టిండ్రు: కట్టుకో, కాని లోపలికెల్లి ఒక్క సప్పుడు వచ్చిందా, తెల్లారేసరికి బట్టీ కూలగొట్టుడే. నాయిన సరేనన్నడు. అది పోతే సారె అటకెక్కిచ్చి సిమెంటు బస్తాలు మొయ్యబోవుడు తప్ప ఆయనకు ఇంకో దారి లేదు.

సిమెంటు ఫ్యాక్టరీల పారేసిన అగ్గి ఇటుకలు ఏరుకొచ్చి బట్టీ కట్టింది దస్తగిరి మామ. ఆయన మేస్త్రీ, నాయినకు చిన్ననాటి దోస్తు. జాడీలు లోపల పెట్టినంక తలుపు జాగల ఇటుకలు పేర్చి, మట్టి మెత్తింది కూడ ఆయనే. మా ఇండ్లల్ల ఒక పద్ధతి — ఎవరు మూస్తే వాళ్లే తియ్యాలె. నడుమ ఇంకో చెయ్యి తగలొద్దు.

ఆ ఏడు మా వాళ్ల శివరాత్రి జాగారం బట్టీ కాడనే అయింది. బుధవారం తెల్లారుజామున సోడా కొట్టుడు ఒడిసింది. బొక్కలన్ని మూసిండ్రు. ఇంక శుక్రవారం పొద్దు పొడిచినంకనే తలుపు తియ్యాలె. ముందుగాల తీస్తే చల్లగాలి తగిలి జాడీలు నిలువునా పగులుతయి.

గురువారం రాత్రి నాయిన, మామ అక్కన్నే కావలి పండుకున్నరు. బువ్వ తీసుకపోయిన అమ్మ చీకటైందని ఉండిపోయింది. ఇక్కడికెల్లి అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

గాలి లేదు. కుక్క లేదు. బట్టీ గోడకు వీపు ఆనిస్తే వెచ్చగ ఉందట.

టింగ్…

నాయిన లేచి కూసున్నడు.

"ఇన్నవా, దస్తగిరీ?"

"ఇనలె."

టింగ్.

"గిప్పుడు?"

"గిప్పుడు గూడ ఇనలె. నువ్వు గూడ ఇనకు."

మామ గడియారం చూసింది గప్పుడే.

కొంచెం సేపు ఏం లేదు. తర్వాత మళ్ల — టింగ్. ఒక మూలకెల్లి. ఇంకోటి, అడుగుకెల్లి. ఇంకోటి తలుపు పక్కనే… గోరుతోని గిన్నె మీద కొట్టినట్టు, సన్నగ, తీరికగ.

నాయిన చెయ్యి గడ్డపార మీదికి పోయింది. ఆయన భయం మల్లప్ప ఒక్కడి గురించే కాదు. ఆముల సప్పుడైతే కుండ పోయినట్టే లెక్క. పుట్టినకాడికెల్లి ఆయనకు తెలిసింది అదే; శిక్షణల గూడ బట్టీ చల్లారేటప్పుడు కాడ ఉండలేదు. నలభై జాడీలు, ఒక్కొక్కటే లోపల పగులుతున్నయనుకున్నడు.

"చూస్త," అన్నడు. "ఒక్క ఇటుక తీసి చూస్త. ఎన్ని మిగిలినయో తెలుస్తది."

అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"మూసింది నువ్వు కాదు గద," అన్నది మెల్లగ.

నాయిన మామ దిక్కు చూసిండు. మామ రెండు చేతులు చంకల్ల పెట్టుకొని, "నేను పొద్దున దాక తియ్య," అన్నడు.

గప్పుడే దారి మీద కందీలు ఊగింది. ఊరి కావలి పెద్దులు తాత. ఆయన వచ్చి నిలబడ్డడు. ఎవ్వరు నోరు తెరవక ముందే బట్టీయే మాట్లాడింది —

టింగ్. టింగ్.

తాత కందీలు ఒక చేతికెల్లి ఇంకో చేతికి మార్చుకొని, వచ్చిన దారినే పోయిండు. అర్ధగంటల ఏడుగురిని తీసుకొని వచ్చిండు. అందరి భుజాల మీద గడ్డపారలే.

"ఐలేశం, షరతు యాదికుందా?"

"ఉంది తాతా. పొద్దున మాట్లాడుదం. ఇప్పుడు తీస్తే నా పని మొత్తం పోతది."

"నీ పని సంగతి మల్లప్పకెందుకు రా? లోపలికెల్లి అడుగుతున్నడు ఇనవడతలేదా? ఇరవై ఏండ్లాయె పాపం!"

"ఇరవై ఏండ్లు ఆగినోడు," అన్నది అమ్మ, "ఆరు గంటలు ఆగలేడా తాతా?"

గడ్డపారలు మాత్రం ఎవ్వరు దించలె.

మా అమ్మ గుర్వమ్మ గట్టిగ మాట్లాడంగ నేను ఏనాడు ఇనలె. ఆ రాత్రి గూడ గట్టిగ మాట్లాడలేదట. కొంగు నిండుగ కప్పుకొని బట్టీ తలుపు ముందర కూసున్నది. నుదుటి కుంకుమ వేలికి అద్దుకొని తలుపు మట్టికి ఒక బొట్టు పెట్టింది. చుట్టానికి చెప్పినట్టు చెప్పింది —

"మల్లప్పా… పొద్దు పొడవంగనే తలుపు తీస్తం. పోచమ్మ తల్లి సాక్షి. అందాక జర సప్పుడు చెయ్యకు. మా బువ్వ లోపలుంది."

సప్పుడు ఆగింది.

కందీల వత్తి సన్నగ చిటపటమంది, అంతే. అమ్మ అట్లనే కూసుంది. మామ గడియారం చూసుకుంట పోయిండు. అయిదు నిమిషాలు… పది… ఏం లేదు.

"ఒప్పుకున్నడు," అన్నడు పెద్దులు తాత.

"ఆయనే ఒప్పుకున్నంక, నడుమ మనకేంది?" అన్నరు ఎవరో వెనకకెల్లి. గడ్డపారలు కింద పెట్టిండ్రు. షరతు సంగతి పొద్దున చూద్దమన్నరు. కాని ఇంటికి మాత్రం ఎవ్వరు పోలె. ఒక్కడే పోవాల్నంటే ఎవ్వరికీ కాలాడలె. అందరు అక్కన్నే, ఒకరి వీపుకొకరు ఆనుకొని తెల్లారనిచ్చిండ్రు.

పొద్దున చాయ్ గిన్నె పట్టుకొని నేను పోయిన. అప్పుడు నాకు పద్నాలుగేండ్లు. అప్పటికే మామ ఇటుకలు ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతున్నడు. లోపలికెల్లి వేడి మొగానికి కొట్టింది. నాయిన లోపలికి తల పెట్టి, శానాసేపు బయటికి తియ్యలె.

"ఏమైంది?" అన్నది అమ్మ.

"ఉన్నయి," అన్నడు నాయిన. "అన్ని ఉన్నయి."

రెండు మూతలు మాత్రం జాడీలకు అతుక్కపోయినయి. మిగిలినయన్ని మంచిగ ఉన్నయి. ఒక దిక్కు కాలిన బెల్లం రంగు, ఇంకో దిక్కు నిమ్మపండు తొక్కలెక్క సన్నని గరుకు, పైన మెరుపు. మొదటి జాడీ కొంగుతోని పట్టుకొని అమ్మ బయటికి తెచ్చింది. పొద్దటి చల్లగాలి దానికి తగిలింది.

టింగ్.

అమ్మ చేతులల్లనే. ఏడుగురు ఏడు దిక్కుల దుంకిండ్రు.

నాయిన మెల్లగ వచ్చి జాడీకి చెవి ఆనిచ్చిండు. మళ్ల వచ్చింది. జాడీని తిప్పి తిప్పి చూసిండు, పగులు లేదు. ఇంకోటి తెచ్చి బయట పెట్టిండు, అది గూడ అన్నది. పైన అద్దం, లోపల మట్టి — చల్లారేటప్పుడు రెండూ ఒక్క తీరుగ ముడుచుకోవు, గా గుంజులాటల వచ్చే సప్పుడిది అని నిదానంగ చెప్పిండు. మన కుండలకు అద్దం లేదు గనక మనం ఎన్నడూ ఇనలె.

పెద్దులు తాత గూడ చెవి పెట్టి ఇన్నడు.

"అయితే మల్లప్ప కాదా?" అన్నడు. ఆయన గొంతు కొంచెం చిన్నబోయినట్టే ఉండె.

"కాదు తాతా."

"మరి గుర్వమ్మ చెప్పంగనే ఎందుకాగింది?"

నాయిన అమ్మ దిక్కు చూసిండు. అమ్మ జాడీలు నీడకు సర్దుతున్నది. "ఏమో," అన్నది.

అందరు నవ్విండ్రు. షరతు పోయినట్టే, బట్టీ నిలిచినట్టే అనిపించింది. గంతల ఒకాయన, తీసిపెట్టిన తలుపు ఇటుకలల్లకెల్లి ఒకటి చేతికెత్తుకొని, "గిదెవ్వరిది?" అన్నడు.

ఇటుక లోపలి మొగం మీద ఒక చెయ్యి గుర్తు. తడి మట్టి చెయ్యి ఆనినట్టు… దాని మీద సోడా అద్దం కట్టి మెరుస్తున్నది.

"నాదే," అన్నడు దస్తగిరి మామ. "పేర్చేటప్పుడు మట్టి చెయ్యితోని పట్టుకున్న."

తాత ఆ ఇటుక తీసుకొని పొద్దుకు ఎదురు పట్టిండు. నేను పక్కనే ఉన్న, నాకు గూడ కనవడ్డది. కుడిచెయ్యి. అయిదు వేళ్లు.

మామకు కుడిచెయ్యికి నాలుగే వేళ్లు. చిటికెన వేలు చిన్నప్పుడే రాళ్లగనిల పోయింది. ఆ సంగతి ఊళ్లె తెలువనోళ్లు లేరు.

తాత ఇటుకను చూసిండు. మామ చెయ్యిని చూసిండు. నీడకు సర్దిన జాడీలను, వాటి పక్కన మట్టికాళ్లతోని నిలబడ్డ మా నాయినను చూసిండు.

"దస్తగిరిదే," అన్నడు.

ఇటుక కింద పెట్టి, గడ్డపార భుజానేసుకొని ఊరి దారి పట్టిండు. మిగిలినోళ్లు గూడ ఆయన వెంబడే పోయిండ్రు.

తర్వాత ఆ పొద్దున మేము చేసింది ఇంతే. ఆ ఇటుక పారేద్దమా అని నాయిన అడిగిండు. మంచి ఇటుక, ఇరగలేదు, మళ్ల పనికొస్తదని మామ అన్నడు. అమ్మ దానికి పసుపు రాసి ఇటుకల కుప్పల పెట్టింది. చాయ్ పోస్తుంటే నన్ను ఆపి, "తలుపుకు అడ్డమున్నం, లేవుండ్రి. మాటిచ్చినం గద," అన్నది.

నలుగురం లేచి, బట్టీ తలుపుకు అటిద్దరం ఇటిద్దరం, దారి ఇడిసి నిలబడ్డం. ఒక మనిషి లోపలికెల్లి నడిచి రోడ్డు మీదికి పోను ఎంత సేపు పడతదో, అంత సేపు.

తర్వాత కూసోని చాయ్ తాగినం.