కూర్మారావు గారి నలభై

మధ్యాహ్న భోజనం తర్వాత వచ్చిన ఫైలును కూర్మారావు ఏనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆటగాడి వల్ల ఎంత ముప్పో చెప్పే ముప్పంకె గడిలో నలభై వేసి పంపేసేవాడు. అరవై దాటితే మూడు పేజీల సంజాయిషీ రాయాలి. ఇరవైకి తగ్గితే ఇంత నమ్మకం దేనికని తూనిక అనే యంత్రం ఆరా తీస్తుంది. నలభై జోలికి మాత్రం ఎవరూ రారు.

అతను పనిచేసే కబడ్డీ లీగంతా తెర లోపలే. కోటిమంది జనం ఇళ్ళల్లో కూర్చుని జట్లు కొనుక్కుని మేనేజర్లుగా చలామణీ అవుతుంటారు. ఆటగాళ్ళు తెరలోనే పుట్టి పెరిగి, పంతొమ్మిదో ఏట విజయనగరం కేంద్రంలో కూర్మారావులా అంకెలు వేసే మూల్యదర్శుల ముందుకొస్తారు. ముప్పంకె తొంభై దాటినవాళ్ళను తూనిక చెరిపేస్తుంది.

ఆ రోజు కేంద్రంలో ఒకటే హడావిడి. పదకొండేళ్ళుగా నిలకడైన తీర్పులిచ్చినందుకు నాలుగింటికి కూర్మారావుకు ‘స్థిరమతి’ బిరుదు. తూనిక నేర్చుకున్నదీ అతని తీర్పులు చూసే; ఇకమీదట అందరి తీర్పులనూ వాటితోనే సరిచూస్తారట. కొత్త చొక్కా వేసుకొచ్చాడు గానీ కాలరు మెడ దగ్గర గుచ్చుకుంటోంది.

మూడింటికి ఒక ఫైలు దానంతటదే తెరుచుకుంది. తూనిక అప్పటికే తొంభై ఏడు వేసేసింది. మనిషి సంతకం ఒక్కటే తక్కువ. తెర మీద బక్కపలచటి అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పేరు పైడితల్లి, రైడరు.

“ఏటమ్మా, ఏం సేసావు?” అన్నాడు కూర్మారావు.

“ఫైనల్లో ఆఖరి రైడు సార్. మద్దిలో నా కూత తెగిపోనాది. అంపైరు ఇన్లేదు. నానే సెయ్యెత్తి అవుటని సెప్పి ఎల్లిపోనాను. ఒక్క పాయింటుతో ఓడిపోనాం.”

“ఎవులూ ఇననప్పుడు నీకెందుకే ఆ గొడవ?”

“నాను ఇన్నాను కద సార్.”

తూనిక గొంతు సవరించుకున్నట్టు మోగింది. “దురాశను లెక్కగట్టగలం. భయాన్నీ లెక్కగట్టగలం. ఈమె ఎప్పుడు నిజం చెబుతుందో ముందుగా అంచనా వేయలేం. నాలుగింటికి చెరిపివేత. సంతకం చేయండి.”

కూర్మారావుకు ఆ పిల్ల మీద జాలేసింది. అలవాటైన చెయ్యి తొంభై ఏడు కొట్టేసి నలభై వేసింది.

“మీరు నలభై వేసినవారెవరితోనూ ఈమెకు పోలిక లేదు,” అంది తూనిక. “వారిలో ఏం చూసి వేశారు?”

పదకొండేళ్ళలో నలభై గురించి అడగడం ఇదే మొదలు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. తెరలోంచి పైడితల్లి అతన్నే చూస్తోంది. సిగ్గుతో కూర్మారావు చెవులు వేడెక్కాయి. మెల్లగా చెయ్యెత్తాడు.

“నా కూత తెగిపోయి పదకొండేళ్ళయిందండీ. మధ్యాహ్నం ఫైలు ఒక్కటీ తెరవలేదు. ఆ నలభైలన్నీ కునికిపాట్లు పడుతూ వేసినవే.”

మనుషులను తూచడం తూనిక ఆ నలభైలను చూసే నేర్చుకుంది మరి. ఒక్కొక్క తెర మీదా ముప్పంకెలు ఆరిపోతూ వచ్చాయి. కొలతే లేకుండా పోయాక తొంభై ఏడూ లేదు, చెరిపివేతా లేదు. పైడితల్లి మోకాలి పట్టీ సర్దుకుని మైదానంలోకి వెళ్ళిపోయింది.

కేంద్రం అధికారి పూలదండ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. “మేనేజర్లంతా ఫోన్లు చేసి తినేస్తన్నారయ్యా. అంకె లేకుండా ఎవుల్ని కొనుక్కోవాలంట?”

“ఓ రెండాటలు సూసి కొనుక్కోమనండి,” అన్నాడు కూర్మారావు.

తూనిక మళ్ళీ మోగింది. “మీ గురించీ ఒక అంకె వేయవలసి ఉంది. మీ ముప్పు ఎంతో నాకు తెలియడం లేదు.”

కూర్మారావు కాలరు గుండీ విప్పుకుని హాయిగా వెనక్కి వాలాడు.

“నలభై ఏసియ్యి.”