అప్పలకొండ వేషం

ఆ రోజు పదకొండయ్యేసరికి మోక్షిత ఆరు ముఖాలు కడిగేసింది.

మొదటిది ఒక క్రికెటర్‌ది. నలభై ఏళ్ల కిందటి హాలోవీన్ పార్టీలో ఒంటినిండా నల్లరంగు పూసుకుని, మెడలో పూసలు వేసుకుని, ఆఫ్రికా మనిషినంటూ గంతులేస్తున్న ఫోటో. ఏ ఫోటో ఎంత గాయపరుస్తుందో తూచే యంత్రం, తూనిక, దానికి తొంభై ఆరు చూపించింది. మోక్షిత తెర మీద వేలు పెట్టగానే రంగు కరిగిపోయి, అతను వ్యోమగామి దుస్తుల్లో నిలబడ్డాడు. ఆ ఫోటో లోకంలో ఎన్ని చోట్ల ఉందో అన్ని చోట్లా అదే క్షణంలో అలాగే నిలబడ్డాడు. తర్వాత కుష్ఠురోగి వేషంలో ఒక హీరోయిన్. ఆ తర్వాత ఒక టీవీ యాంకర్, ఆ వారమే ఉరేసుకుని చనిపోయిన ఒక నటిలా తయారై, మెడలో తాడుతో నాలుక బయటపెట్టి.

వీటన్నిటికీ ఒకప్పుడు జనం పగలబడి నవ్వారు. ఇప్పుడు ఎవరూ నవ్వరు. ఫలానా రోజు నుంచి నవ్వడం మానేయాలని ఎవరూ తీర్మానం చేయలేదు. జనం మాటల్ని, ముఖాల్ని, మౌనాల్ని తూచి, తూనికే ఏటేటా అంకెల్ని కొంచెం కొంచెంగా పెంచుతూ వచ్చింది. అంకె ఎనభై దాటితే ఫోటోలో ఉన్న మనిషి సవరణ కోరవచ్చు. పాత గాయాలు మళ్లీ మళ్లీ కళ్లబడకూడదని చేసిన చట్టం అది. విశాఖ తీరంలోని ఈ స్మృతి సవరణ కేంద్రంలో మోక్షిత ఇరవై ఏళ్లుగా పరిశీలకురాలు. ఇన్నేళ్లలో గాయపడినవాళ్లు పెట్టుకున్న దరఖాస్తులు ఆమె చేతికి వచ్చినవి పది కూడా లేవు.

ఏడో ఫోటో తెరుచుకుంది. ఆమె వేలు గాల్లోనే ఆగిపోయింది.

దరఖాస్తుదారు రుద్రాంశ్. అరవై ఏళ్ల నటుడు. వచ్చే వారం అతనికి జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్నారు. ఫోటోలో అతనికి ఇరవై ఏడు. ముఖానికి మసి, పళ్లకు నల్లరంగు, పొట్టకు దిండు, మోకాళ్ల పైకి ఎగదోపిన చిరుగుల చీర. చేతులు రెండూ చాచి నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. చుట్టూ గ్లాసులు పట్టుకుని విరగబడి నవ్వుతున్న వాళ్లు. కింద అప్పటి శీర్షిక: ‘నా సీపురు ఎల్లిపోనాది బాబో!’

పోయిన ఏడు డెబ్బై నాలుగు ఉన్న అంకె ఈ ఏడు తొంభై ఒకటి అయింది.

మోక్షిత కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లింది. అక్కడ నిలబడలేక మళ్లీ వచ్చి కూర్చుంది. అక్టోబరు ఉక్క గదిలోకి రాదు, అయినా మెడ వెనక చెమట పట్టింది.

“బాధితురాలి వారసురాలు స్వయంగా వచ్చారు” అంది తూనిక, ఎప్పటి మెత్తని గొంతుతోనే.

సమ్మతి ముద్ర కోసం ఎవరూ ఇంత దూరం రారు. ఇంట్లోంచే వేలు పెట్టేస్తారు. తలుపు తెరుచుకుని, సముద్రపు గోడ పంపుల మీద పనిచేసేవాళ్ల బూడిదరంగు యూనిఫాంలో ఒకామె లోపలికి వచ్చింది. ముప్పై ఏడేళ్లుంటాయి. బూట్లకు ఇంకా తడి ఇసుక ఉంది.

“నమస్తే మేడమ్. నా పేరు కుసుమ. అప్పలకొండ కూతుర్ని. ముద్ర ఇంటికాడినుంచే ఎయ్యొచ్చన్నారు గానీ, ఏటి చెరిపేస్తన్నారో సూసి ఎయ్యాలనిపించింది.”

మోక్షిత తెరను ఆమె వైపు తిప్పింది. కుసుమ చాలాసేపు చూసింది.

“మాయమ్మ ఇంత లావు కాదు” అంది చివరికి. “ఇది పోతే మంచిదే. ఇంకేటైనా పోతాదా దీంతోటి?”

జవాబు చెప్పడం మోక్షిత ఉద్యోగంలో భాగమే. “జంటముక్కలు పోతాయండీ. ఈ వేషం ఎవరిదో తెలియడానికి కారణమైనవన్నీ. ముఖ్యంగా ఒక వీడియో.”

మోక్షిత దాన్ని నడిపింది. పదకొండు సెకన్ల వీడియో. ముప్పై మూడేళ్ల కిందటి వరద. మోకాలిలోతు నీళ్లలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలు రెండు చేతులూ చాచి, ‘నా సీపురు ఎల్లిపోనాది బాబో, నా సీపురు ఎల్లిపోనాది’ అని గుండెలవిసేలా ఏడుస్తోంది. ఎవరో మేడ మీద నుంచి తీశారు. తీసినవాళ్ల నవ్వు కూడా అందులో వినిపిస్తుంది.

ఆ గొంతు వినగానే కుసుమ బల్ల అంచు పట్టుకుంది.

“ఇదీ పోతాదా?”

“నిబంధన అదే.”

“ఎవరు పెట్టేరండీ అలాటి నిబంధన? మాయమ్మ గొంతు నాకు ఇంకెక్కడా లేదు.” ఆమె ఊపిరి కూడదీసుకుంది. “సీపురు కోసం ఏడిసిందనుకున్నారు కదా అందరూ? ఆ సీపురుకి ఆ సివర మా పిన్ని ఉంది మేడమ్. సింహాచలం పిన్ని. ఇద్దరూ కలిసే పన్లోకి ఎల్లీవోరు. మూత లేని కాలవలో పిన్ని పడిపోతే అమ్మ పొడుగు సీపురు అందించింది. పిన్ని పట్టుకుంది. లాగతా ఉంటే సెయ్యి జారి సీపురు ఎల్లిపోనాది. పిన్నీ ఎల్లిపోనాది. మేడ మీదోలు ఫోను తీసింది ఆ తరవాత.”

మోక్షిత ఆమెకు కుర్చీ జరిపింది.

“ఆ తరవాత అమ్మ గట్టిగా మాటాడ్డం మానేసింది. వీధిలోకెల్తే పిల్లలు సీపురూ, సీపురూ అని ఎంటపడీవోరు. ఈయన వేషం ఏసినాక మరీను.” కుసుమ ముద్ర పలకను దూరంగా జరిపింది. “నాను ఎయ్యను. అప్పుడు ఆగిపోతాది కదా?”

ఆగదు. అంకె తొంభై దాటితే వారసుల సమ్మతి మర్యాద కోసమే. పరిశీలకురాలి ముద్ర చాలు. ఆ మాట మోక్షిత నెమ్మదిగా చెప్పింది. కుసుమ కళ్లు ఆమె ముఖం మీదే ఉండిపోయాయి.

“అంటే మీ సేతిలోనే ఉంది.”

అప్పుడే రుద్రాంశ్ నుంచి పిలుపు వచ్చింది. తెర మీద నెరిసిన గడ్డం, అలిసిన కళ్లు. గొంతులో గర్వం లేదు.

“మేడమ్, పురస్కార సభలో వేసే నా జీవిత చిత్రం పన్నెండు గంటలకు పంపాలట. అందుకే అడుగుతున్నాను. అబద్ధం ఆడను, ఆ ఫోటో తల్చుకుంటే నాకే తలెత్తబుద్ధి కాదు. అప్పట్లో తప్పనిపించలేదు. ఎవరికీ అనిపించలేదు. ఇప్పుడు అది లేకుండా పోతే ఆమెకే గౌరవం కదా?”

“ఆమె కూతురు ఇక్కడే ఉన్నారు సార్. ఆ మాట ఆవిడతో చెప్తారా?”

నటుడి ముఖం మీద ఒక్క క్షణం ఏ భావమూ లేదు.

“ముందు ఇది పోనివ్వండి. తర్వాత కలుస్తాను. కాళ్ల మీద పడమన్నా పడతాను.”

కుసుమ తెర ముందుకు వంగింది. “పోయినాక దేనికి పడతారు బాబూ?”

అతను కళ్లు దించుకున్నాడు. మెల్లగా చేతులు జోడించి పిలుపు ఆపేశాడు. దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ముద్ర వేయడానికి నలభై నిమిషాలు మిగిలి ఉన్నాయి. మోక్షిత టీ కప్పు ఎత్తి, తాగకుండానే దించింది. తన సంగతి కూడా చెప్పకుండా ఈ గదిలో ఇంకొక్క నిమిషం కూర్చోలేనని ఆమెకు అర్థమైంది.

“కుసుమగారూ, ఆ ఏడాది మా కాలేజీ హాస్టల్లో నేనూ ఈ వేషం వేశాను.”

తన పాత చిత్రాలు తెర మీదకి తెచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, వీపుకు సీతాకోకచిలుక రెక్కలు. ఉద్యోగంలో చేరిన రోజునే కేంద్రం తన సిబ్బంది గతాన్ని ఒక్కమారుగా కడిగేస్తుంది. ఎవరూ అడగరు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ రెక్కలు తను ఎన్నడూ తొడుక్కోలేదని మోక్షితకు తెలుసు. ఆ రాత్రి ఉన్నవి ముఖానికి కాటుక, తినేసిన బిర్యానీ పొట్లం దారంతో కట్టిన చీపురు, మెస్ హాలంతా చప్పట్లు. ఇరవై ఏళ్లుగా ఆ రెక్కల్ని చూసి చూసి, కొన్నాళ్లు అదే నిజమేమో అనిపించేది కూడా.

“నవ్వేరా అందరూ?” అడిగింది కుసుమ.

“నవ్వారు. నాకు మొదటి బహుమతి ఇచ్చారు.”

“ఎలాగ అన్నారు మీరు? ఒకపాలి అనండి.”

మోక్షిత నోరు తెరిచింది. ‘నా’ అన్న అక్షరం దగ్గరే ఆగిపోయింది. కుసుమ ఎదురుచూసింది. కోపంగా కాదు, జాలిగానూ కాదు. ఎంతసేపైనా ఉంటానన్నట్టు కూర్చుంది. మోక్షిత వల్ల కాలేదు. ముఖం కప్పుకుని తల అడ్డంగా ఊపింది.

కొంతసేపటికి కళ్లు తుడుచుకుని తెర వైపు తిరిగింది. రుద్రాంశ్ దరఖాస్తు మీద ‘తిరస్కృతి’ ముద్ర వేసింది. అంతటితో ఆగలేదు.

“ఇందాక చెప్పిందంతా మళ్లీ చెప్తారా? మీ గొంతుతోనే. దాన్ని ఈ వేషానికి జంటముక్కగా కడతాను. ఈ ఫోటో ఎక్కడ తెరిస్తే అక్కడ మీ అమ్మ వీడియో, మీ మాట, రెండూ తెరుచుకుంటాయి. ఒకటి లేకుండా ఇంకొకటి ఉండదు.”

చెరపడానికి రాసిన నిబంధనలో, నిలబెట్టడానికి వాడకూడదని ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు, అంతే.

కుసుమ చెప్పింది. ఈసారి పిన్ని పేరు రెండుసార్లు చెప్పింది.

తర్వాత మోక్షిత తన ఫోటో మీద, కడిగేసింది మళ్లీ తెచ్చే తిరుగు దరఖాస్తు తెరిచింది. అలాంటిది ఒకటుందని సిబ్బందిలోనే చాలామందికి తెలియదు.

“దీనివల్ల దరఖాస్తుదారుకు మేలు కనిపించడం లేదు” అంది తూనిక. “కారణం ఎంచుకోండి. సాంకేతిక లోపం. పొరపాటు. న్యాయస్థానం ఆదేశం.”

మోక్షిత మూడింటినీ వదిలేసి, కింద ఖాళీ గడిలో రాసింది: ‘నేను చేశాను.’

రెక్కలు కరిగిపోయాయి. కాటుక ముఖంతో, చేతులు చాచి, నోరంతా తెరిచిన పంతొమ్మిదేళ్ల మోక్షిత బయటికి వచ్చింది. తూనిక అంకె కోసం వెతికింది. తొంభై రెండు, ఇరవై, ఎనభై ఎనిమిది, పదకొండు. తన తప్పును తానే చూపించమని అడిగిన మనిషిని అది ఇంతవరకూ తూచలేదు. అంకె పడే చోట చివరికి ఖాళీ మిగిలింది. గాజు గోడ అవతల వరసగా తెరలు ఆగిపోయాయి. పరిశీలకులు ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచి ఇటు చూస్తున్నారు.

“విచారణ పూర్తయ్యేదాకా మీ ముద్ర అధికారం నిలిపివేశాం” అంది తూనిక. ఆ మెత్తని గొంతు రెండు చోట్ల తెగింది.

మోక్షిత బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది. కుసుమ ఇంకా ఆ ఫోటోనే చూస్తోంది. క్షమించానని అనలేదు.

“మీ ఎనకాల ఇంకా ఇద్దరు ముగ్గురు ఇదే వేషంలో ఉన్నట్టున్నారే?”

“మొత్తం ఎనిమిది మందిమి.”

“సీపురు ఎందుకు పోనాదో ఆళ్లకి తెలుసా?”

“తెలీదు.”

“మరి సెప్పండి.”

మోక్షిత ఫోను తీసింది. ఆ ఎనిమిది మందిలో ఒకరు, ముప్పై ఏళ్లుగా మాట్లాడని హాస్టల్ రూమ్మేట్ పేరు వెతికి పట్టుకుంది. అవతల ఫోను మోగుతోంది. కుసుమ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“హలో” అంది మోక్షిత. “నేనే, మోక్షితని. నీకొక మాట చెప్పాలి. కూర్చుని విను.”