లైను చివరి ఖాళీ

విల్మార్‌ని చంపినవాడు క్యూలో అతని వెనకే నిలబడి, తన వంతు కోసం ఓపిగ్గా చూశాడు.

రెండు రోజులు కొట్టిన తుఫాను తెల్లవారేసరికి తెరిపిచ్చింది. మాంటెవిడియో సముద్రపు గోడ పక్కన పిండివంటల బండి చుట్టూ జనం చేరారు. విల్మార్ చంకలో థర్మాస్, చేతిలో మాటే కషాయం తాగే సొరబుర్ర. లావు మనిషి, నవ్వు మొహం.

"వాన లేని రోజున తోర్తా ఫ్రితాలు ఉంటాయా తల్లీ?" అని అడిగాడు. వాన పడితేనే అక్కడి జనం తినే నూనె రొట్టెలవి.

"వాన వెనకాలే వస్తోంది, బాబూ," అంది బండామె. ఆవిడా విల్మార్‌లాగే గూఢచారి ఆఫీసు మనిషే.

కోడ్ సరిపోయింది. విల్మార్ తన థర్మాస్‌ని బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని కిందికి దించి, అచ్చం అలాంటిదే ఇంకొకటి పైన పెట్టింది. అప్పుడే వెనక సైలెన్సర్ ఒకసారి దగ్గింది. విల్మార్ మరుగుతున్న నూనె మూకుడు మీద పడకుండా పక్కకి ఒరిగాడు. చచ్చిపోయేటప్పుడు కూడా ఎవరికీ ఇబ్బంది కలిగించని మనిషి. చంపినవాడు బల్ల మీది థర్మాస్ అందుకుని, తోర్తా కొనకుండానే వెళ్ళిపోయాడు.

అతనికి దక్కింది ఉత్త వేణ్ణీళ్ళు. విల్మార్ థర్మాస్ అడుగున దాచిన పెన్‌డ్రైవ్ గంటలోగా చీఫ్ బెంతాన్‌కోర్ బల్ల మీదికి చేరింది.

రేడియో రిపేరు షాపు వెనక గది అది. చీఫ్ ముసలాయన. గదిలో కూడా టోపీ తియ్యడు.

"కూర్చో, ఎల్బియో."

"నిలబడే వింటాను, చీఫ్."

"నీ ఇష్టం. గొడ్లు కాసినవాడివి, నిలబడి నిద్రపోగలవని కూడా విన్నాను." చీఫ్ నవ్వలేదు. "సాంతా ఎదువిహెస్ అని గ్యాస్ ఓడ. ఈ సాయంత్రం రేవుకొస్తోంది. దాన్ని ఇంధనం జెట్టీ పక్కన ఇసుకెక్కించి పేల్చాలని ఆల్బట్రాస్ ముఠా ప్లాను. మన రేవు మూతపడితే వాళ్ళకి డబ్బిచ్చే దేశపు రేవుకి పండగ."

"ఎలా ఎక్కిస్తారు?"

"బులెటిన్‌తో."

రోజూ సాయంత్రం ఆరింటికి రేవు ఆఫీసు నుంచి ఓడలకి లోతుల బులెటిన్ వెళుతుంది. ఓడల కాలవలో తేలే ఒక్కో బోయాకి ఒక్కో లైను. బోయా పేరు, ఉత్తరం పక్క లోతు, దక్షిణం పక్క లోతు. ఓడలోని స్టీరింగ్ కంప్యూటర్ దాన్ని తనే చదువుకుని, లోతున్న పక్కకి తిరుగుతుంది. తుఫానుకి అడుగున ఇసుక కదిలింది కాబట్టి నిన్నటి అంకెలు ఇవాళ పనికిరావు.

ఎల్బియో పెన్‌డ్రైవ్ తగిలించాడు. నల్లటి తెర మీద ఒక్కటే కమాండ్. కొన్ని బోయాల దగ్గర ఉత్తరాన్ని దక్షిణంగా, దక్షిణాన్ని ఉత్తరంగా మార్చేది. ఏయే బోయాలన్నది వేరే ఫైల్లో ఉంది. ఆ ఫైలు ఇందులో లేదు.

అలాంటి కమాండ్‌లో వెతకాల్సినదాని ఆకారం చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే అతనికి చిన్నప్పుడు తాకువారెంబోలో తండ్రి పశువుల దొడ్లో ఉన్న ఇరుకు దారి గుర్తొస్తుంది. ఫలానా గొడ్డు అని పేరు చెప్పక్కర్లేదు. ఎలాంటి గొడ్డో చెబితే చాలు. ఆ ఆకారం ఉన్నవి ఒక పక్కకి పోతాయి, లేనివి ఇంకో పక్కకి.

ఇప్పుడు అతను చూస్తున్నది ఆకారాన్ని కాదు, గీతల్ని. అలాంటి కమాండ్‌లో వెతికేదాన్నీ మార్చేదాన్నీ విడదీయడానికి లోకమంతా వాలుగీత పెడుతుంది. ఇందులో నిలువు గీతలున్నాయి. ఏడేళ్ళ కిందట ఒక అమ్మాయి రాసిన వాలుగీతలు చూసి, "మా ఊళ్ళో గుంజలు ఇలా వాలితే గొడ్లు పారిపోతాయి," అన్నాడు అతను. అప్పటి నుంచి ఆ అమ్మాయి నిలువు గుంజలే పాతింది.

"ఎవరి చెయ్యి?" అన్నాడు చీఫ్.

ఎల్బియో పెన్‌డ్రైవ్ పీకి బల్ల మీద పెట్టాడు.

"నిదియా."

"ఊళ్ళోనే ఉంది. మధ్యాహ్నం నిన్ను కలుస్తానని కబురు పెట్టింది. వెళ్ళు. ఏం చెబుతుందో విను. తర్వాత హీటర్ మెకానిక్ వేషంలో రేవు ఆఫీసుకి. లోపల వాళ్ళ మనిషి ఎవరో ఉన్నాడు, యూనిఫాంలు చూస్తే జారుకుంటాడు. వాడు పట్టుబడే దాకా ఎవర్నీ నమ్మకు."

నిదియా ఎచెవెర్రి ఎర్ర కోటులో వచ్చింది. సముద్రపు గోడ మీద కూర్చున్న ముసలివాళ్ళు ఆమె దాటిపోయేదాకా మాటలాపేశారు. మూడేళ్ళ కిందట ఒక పొద్దున ఒక్క మాట చెప్పకుండా ముఠాలోకి వెళ్ళిపోయిన మనిషి, రోజూ వచ్చేదానిలా బెంచీ మీద ఎల్బియో పక్కన కూర్చుంది. కోటుకి వెండి బ్రోచ్. నాలుగు బారల దూరంలో ఒకడు గాలం వేసి కూర్చున్నాడు. గాలానికి ఎర లేదు. చెవిలో మాత్రం ఇయర్‌ఫోన్ ఉంది, బ్రోచ్‌లోని మైకు వినడానికి.

"చిక్కిపోయావు," అంది. "వండుకోవడం రాలేదా ఇంకా?"

"వచ్చు."

"అబద్ధం. గుడ్డు ఉడకబెట్టడానికి కూడా పక్కింటావిడని అడిగే రకం నువ్వు. సరే, పని మాట. మా వాళ్ళకి నువ్వు కావాలిట. వస్తావా?"

"రాను."

"నాలుగేళ్ళ కాపరంలో నువ్వాడిన మాటలన్నీ కలిపితే ఒక పేజీ రాదు, తెలుసా." ఆమె సముద్రం వైపు తిరిగింది. "విను మరి. ఆరింటికి నేను వాళ్ళ లాంచీలో ఉంటాను. ఓడ ఇసుకెక్కేదాకా నేనే జామీను. ఎక్కితే షాంపేన్. ఎక్కకపోతే, నాకు ఈత రాదుగా. నేర్పిస్తానని ఎన్నేళ్ళు తిప్పావు నన్ను?"

"వెళ్ళకు."

"చూడు, మూడో మాట కూడా వచ్చింది." ఆమె వేళ్ళు బ్రోచ్‌ని తాకి వదిలేశాయి. "నీళ్ళు వేడిగా ఉన్నాయా? ఒకటి పొయ్యి."

అతను థర్మాస్ వంచి తన సొరబుర్రలో మాటే పోసి ఇచ్చాడు. అతను తాగిన గొట్టంతోనే ఆమె నెమ్మదిగా, అడుగున గురగుర వినిపించేదాకా తాగింది. బుర్ర తిరిగి ఇచ్చింది.

"థాంక్స్," అంది.

ఆ దేశంలో బుర్ర తిరిగిచ్చేటప్పుడు ఆ మాట అన్నారంటే ఇక చాలు, మళ్ళీ పొయ్యొద్దు అని. కాపరం చేసిన నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా అనలేదు. నీళ్ళు చల్లారినా, ఆకు చప్పబడినా, ఇంకోటి పొయ్యి అనేది.

ఎర్ర కోటు జనంలో కలిసిపోయేదాకా ఎల్బియో ఖాళీ బుర్ర పట్టుకుని కూర్చున్నాడు.

రేవు ఆఫీసు మూడో అంతస్తులో డ్యూటీ ఆపరేటర్ ఎబెర్ ఒక్కడే ఉన్నాడు. రేడియోలో హోరు తప్ప ఏమీ వినపడటం లేదు.

"హీటరు సంగతి తర్వాత, ముందు ఈ రేడియో నోరు ముయ్యించు సోదరా," అన్నాడు ఎబెర్. "మధ్యాహ్నం నుంచి మా అత్తగారిలా ఒకటే రొద. ఏ ఓడా పలకదు."

"నాకు హీటర్లే వచ్చు."

"ఈ దేశంలో ఎవణ్ణి అడిగినా ఇదే జవాబు." ఎబెర్ థర్మాస్‌లో మరిగే నీళ్ళు నింపి బల్ల మీద పెట్టి, సిగరెట్ కాల్చుకోవడానికి వరండాలోకి వెళ్ళాడు.

ఎల్బియో కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఆరింటికి పోవలసిన బులెటిన్‌ని ఆపిపెట్టాడు. ఎక్కువసేపు ఆపడానికి లేదు. బులెటిన్ అందకపోతే ఓడ నిన్నటి అంకెలతోనే మలుపు తిరుగుతుంది. కిటికీలోంచి దాని దీపాలు కనిపిస్తున్నాయి. జెట్టీ మీద కూలీలు ఆరిన తాళ్ళు చుట్టుకుంటున్నారు.

ముఠా అందులో కొన్ని లైన్లని అప్పటికే మార్చేసింది, కానీ చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నిటినీ తారుమారు చేస్తే నిజం ఉన్నవి అబద్ధాలైపోతాయి. ఎక్కడ మార్చారో తెలిస్తే తప్ప లాభం లేదు.

అతను మళ్ళీ మొదటి నుంచి చూశాడు. పశువుల సంతలో మందను చూసినట్టు, ఏదీ ప్రత్యేకంగా చూడకుండా. లైను ముగిసిన చోట డాలర్ గుర్తు వేసి చూపించమని తెరని అడిగాడు. గుర్తులు వరసగా పడ్డాయి. కొన్ని అంకెలకి అంటుకుని ఉన్నాయి. కొన్ని మాత్రం ఒక వెంట్రుక దూరం జరిగి నిలబడ్డాయి.

అంకె తర్వాత ఒక్క ఖాళీ. కంటికి కనపడదు, కాగితం మీదికి రాదు. ముఠాలో ఎవడు ఎన్నిసార్లు తనిఖీ చేసినా దొరకదు. మార్చిన ప్రతి లైనుకీ చివర ఆమె ఒక ఖాళీ వదిలింది.

విల్మార్‌కి ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చిందెవరో కూడా అప్పుడే అర్థమైంది. వేళ్ళు వాటంతటవే కదిలాయి.

sed -E 's|^(\S+) (\S+) (\S+) $|\1 \3 \2|'

పేరు, ఒక లోతు, ఇంకో లోతు, చివర ఖాళీ. అలాంటి లైను కనిపిస్తే రెండు లోతుల్నీ తిరగెయ్యి, ఖాళీ తీసెయ్యి. మిగతావాటి జోలికి పోకు. ఫలితం నేరుగా ఓడకి వెళ్ళేలా తోక తగిలించాడు. ఇక ఎంటర్ నొక్కడమే.

వెనక పిస్టల్ లాక్ తీసిన చప్పుడు.

"హీటర్లే వచ్చన్నావు," అన్నాడు ఎబెర్. గొంతులో వేళాకోళం లేదు. "చెయ్యి తియ్యి. నిన్ను కాల్చక్కర్లేదు నేను. లాంచీలో ఎవరున్నారో తెలుసుగా? ఆ ఓడ లోతు పక్కకి తిరిగిందంటే ఆమె బతకదు. నువ్వే తోసేసినట్టు."

ఓడ ముక్కు మలుపు దగ్గరికొచ్చింది. కింద జెట్టీ మీద ఎవరో ఎవరినో పిలిచి నవ్వారు.

ఆ ఖాళీలు ఒక్కొక్కటే పెడుతున్నప్పుడు తనకి ఈత రాదన్న సంగతి ఆమెకి తెలుసు. ఎవరు చూస్తారో, చూసి ఏం చేస్తారో కూడా తెలుసు. ఎల్బియో కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కాడు.

ఆ చేత్తోనే థర్మాస్ అందుకుని వెనక్కి విసిరాడు. మూత ఊడి మరిగే నీళ్ళు ఎబెర్ మొహాన పడ్డాయి. గుండు కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. రెంచి దెబ్బ ఒక్కటి సరిపోయింది. ఎబెర్ సొరుగులో చిన్న జామర్ పెట్టె దొరికింది. దాన్ని ఆపగానే రేడియో హోరు ఆగిపోయింది.

సాంతా ఎదువిహెస్ కాస్త తటపటాయించి, నెమ్మదిగా దక్షిణం పక్కకి తిరిగింది. జెట్టీ పక్క నుంచి, దానికేమీ పట్టనట్టు సాగిపోయింది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఫ్లోరెస్ దీవి దగ్గర లాంచీ దొరికింది," అన్నాడు చీఫ్. "ఎవరూ లేరు. ఎర్ర కోటు ఉంది. మూడేళ్ళూ ఆమె మన మనిషే, ఎల్బియో. నాకొక్కడికే తెలుసు."

"నాకు చెప్పలేదు."

"చెబుదామన్నాను. ఆమే వద్దంది. నువ్వు నోరు విప్పవు గానీ, నీ మొహం ఏదీ దాచలేదంది."

ఎల్బియో ఫోన్ పెట్టేశాడు. పగిలిన కిటికీలోంచి చలిగాలి వీస్తోంది. నీళ్ళ మీద చీకటి పడిపోయింది, ఎటు చూసినా ఒకేలా ఉంది.

రేడియో గరగరలాడింది.

"మాంటెవిడియో, సాంతా ఎదువిహెస్ కెప్టెన్ని. ఇవాళ మీ బులెటిన్ ఆలస్యంగా వచ్చింది. మీ రేవులో టైముకి పనిచేసేవాళ్ళే లేరా?"

ఎల్బియో మైకు నొక్కాడు.

"క్షమించండి, కెప్టెన్. ఆ పని చూసే మనిషి ఇవాళే మానేసింది."