ఎంతొచ్చింది?

తెల్లారేసరికే నూకాలమ్మ వాకిట్లో పీట వేసుకుని గంపెడు నెత్తళ్ళ చేపల ముందు కూర్చుంది. తల తుంచడం, పొట్ట నొక్కడం, చట్టిలో పడేయడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనిషి మాత్రం ఎక్కడుందో ఎదురుగా ఉన్న ఆ సముద్రానికే తెలియాలి.

అత్తగారు ధనమ్మ అరుగు మీద కాళ్ళు బారజాపుకుని కోడలి చేతులకేసే చూస్తోంది. వయసు పైబడినా కళ్ళు చురుకైనవే, నోరు అంతకంటే చురుకైంది.

"ఓలే నూకాలూ! ఆ సేప తల ఒకపాలి తెంపీసినావే. మల్లీ ఏటి తెంపుతావు?"

నూకాలమ్మ చేతిలోని చేపను చూసింది. నిజమే, దానికి తల లేదు. దాన్ని చట్టిలో వేసి ఇంకోటి అందుకుంది.

"నిన్నటేల గవ్వ పెంకు గుచ్చుకుని కాలంతా రగతం. నాను సూసి సెప్పీదాకా దీనికి తెల్దు. సెప్పులేసుకోవే అంటే ఇనదు. దీనికన్నా గోడే నయం, బల్లైనా పలుకుద్ది."

రెండేళ్ళ కిందట మొగుడు ఢిల్లీరావు పోయినప్పటి నుంచీ నూకాలమ్మ ఇంతే. ఆ రోజు పల్లె అంతా ఏడిచింది, ఆమె ఏడవలేదు. పంతం పట్టి కాదు, ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుంది అన్నారు జనం. రాయి అయితే బరువైనా తెలియాలి కదా, ఆమెకి అదీ తెలియలేదు. పొద్దున చేపలు, ఆపైన గంప నెత్తిన పెట్టుకుని పలాసలో అమ్మకం, సాయంత్రం వంట. అన్నం తిన్నావా అని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పేది.

ఢిల్లీరావుని తీసుకుపోయిన ఆ జబ్బుకి ఈ ఉద్దానం పల్లెల్లో వేరే పేరేమీ లేదు. "కిడ్నీ వచ్చింది" అంటారు, అంతే. కిడ్నీ అందరికీ ఉంటుంది కదా అని బయటి ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. ఇక్కడివాళ్ళు నవ్వరు, "ఎంతొచ్చింది?" అని అడుగుతారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతొచ్చిందని. అది పెరిగేకొద్దీ కిడ్నీ పోతున్నట్టు. బళ్ళో పిల్లల మార్కులు అడిగినంత మామూలుగా అడుగుతారు. ఢిల్లీరావుకి ఎంతొచ్చిందో పల్లె అంతటికీ తెలుసు. ఆ మాట చెవిన పడితే చాలు, నూకాలమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

ఒడ్డు వైపు నుంచి కూతురు ఇందు పరిగెత్తుకుంటూ వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. జుట్టు నిండా ఇసక, చంకలో బంతి. ఫుట్‌బాల్లో గోల్‌కీపర్. ఇసకలో పాతిన రెండు తెడ్ల మధ్య దూకీ దూకీ మోచేతులు గరుకెక్కిపోయాయి.

"అమ్మా, మాస్టారు ఫోన్ సేసినారా? శుక్రారం మెడికల్ ఉంటాది, టైము సెప్తానన్నారు."

"నేదు," అంది నూకాలమ్మ తలెత్తకుండా.

అది అబద్ధం. మాస్టారు నిన్ననే ఫోన్ చేశారు. నూకాలమ్మ ఆయనకు ఇంకో అబద్ధం చెప్పింది. అబద్ధాలకు కాళ్ళుండవంటారు గానీ, ఇది మర్నాడే మాస్టారి స్కూటరెక్కి ఇంటికొచ్చింది.

ఉదయశంకర్ టెక్కలిలో అర్చకుల ఇంట పుట్టినవాడు. గుడి బాధ్యత తమ్ముడికి అప్పజెప్పి వ్యాయామం మాస్టారయ్యాడు. పల్లెలో అందరూ ఆయన్ని బంతి పంతులు అంటారు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, ఈసారి ముఖం మాడ్చుకుని దిగాడు.

"నీ దగ్గర ఇది అనుకోలేదు ఇందూ. ఇష్టం లేకపోతే నాతో చెప్పాలి గానీ, మీ అమ్మగారి చేత చెప్పించడం ఏటమ్మా?"

"ఏటి సెప్పించాను సార్?"

"క్యాంపుకి వెళ్ళడం నీకిష్టం లేదంట కదా!"

ఇందు తల్లివైపు తిరిగింది. నూకాలమ్మ చేప తల తుంచి పడేసింది.

"కూకోండి బాబూ," అంది ధనమ్మ పరిస్థితి చూసి. "ఇంతకీ ఆ కాంపు ఏటో నాకూ సెప్పండి. ఈలిద్దరూ నాకేటీ సెప్పరు."

ఉదయశంకర్ అరుగు చివర కూర్చున్నాడు. "దేశమంతా తిరిగి ఈ ఈడు పిల్లల్ని ఏరుతున్నారు మామ్మా. ఒక్కచోట పెట్టి, తిండి, చదువు, ఆట అన్నీ వాళ్ళే చూస్తారు. ఆ తరవాత మనకంటే గట్టి దేశాలకి తీసుకెళ్ళి వాళ్ళతో ఆడిస్తారు. రేపటి మన దేశం జట్టు వీళ్ళలోంచే తయారవ్వాలి. ఇన్నాళ్ళూ మనం చేసిందేటి? చేతకానివాళ్ళతో ఆడి, గెలిచి, చంకలు గుద్దుకోవడం."

"మరి గట్టోల్లతో ఆడితే ఓడిపోరేటి?"

"ఓడిపోతారు. మొదట్లో చిత్తుగా ఓడిపోతారు."

"ఓడిపోడానికి ఇమానమెక్కి ఎల్లాలా బాబూ? ఇక్కడే సుబ్బరంగా ఓడిపోవచ్చు కదా!"

ఎవరూ నవ్వలేదు. ఇందు కళ్ళు ఇంకా తల్లి మీదే ఉన్నాయి.

"నాకిట్టం నేదని ఎందుకు సెప్పినావమ్మా?"

ధనమ్మకు తెలిసిన కారణాలన్నీ వరసగా బయటికొచ్చాయి. "లాగూలేసుకుని ఆడతాదని ఎవులైనా ఏటైనా అన్నారా? మన మొగోల్లందరూ లాగూల మీదే ఏటకెల్లీది, మరి ఆలనెవులూ ఏటీ అనరే? సంబందం ఏటైనా సూసినావా? దూరమని బయిమా? నోరిప్పి సెప్పవే!"

"రగతం తీత్తారు," అంది నూకాలమ్మ.

చేపలు అమ్మేటప్పుడు ధర చెప్పినంత మామూలుగా అంది. ఉదయశంకర్‌కి ముందు అర్థం కాలేదు.

"మెడికలని మీరే సెప్పినారు కదా బాబూ. రగతం తీత్తారు. తీసి, ఎంతొచ్చిందో సెప్తారు." చేతులు ఇంకా చేపల్లోనే ఉన్నాయి. "దీని నాన్న బాగానే ఉండీవోడు. తెల్లారకట్ట పడవెక్కీవోడు, వల లాగీవోడు. పల్లిలో పరీచ్చలని పెట్టినారు. అందరితోటీ ఈయనా సెయ్యి సాపినాడు. ఎంతొచ్చిందో సెప్పినారు. ఆ సందేలే మంచమెక్కినాడు, మల్లి దిగనేదు. మడిసిని తినీసింది రోగం కాదు బాబూ, ఆ నంబరు. నా పిల్లకి నంబరొద్దు. ఇంటికాడుంటే ఎవులూ తియ్యరు."

ధనమ్మ నోరు మొదటిసారి మూతపడింది. పోయినవాడు ఆమె కొడుకు.

ఇందు బంతిని కింద పెట్టింది. పిల్ల ఏడుస్తుందనుకున్నాడు ఉదయశంకర్. ఏడవలేదు, తల్లి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నాన్న బాగున్నాడా అమ్మా? సందేల కాల్లు పొంగిపోతే కొబ్బరినూని రాసీదానివి నువ్వే కదా. ఉప్పుగాలి పడిందనీదానివి. అప్పుడే ఎంతో తెలిసుంటే..."

నూకాలమ్మ చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

"సెలక్షన్లకి భువనేశ్వర్ ఎల్లి విదేశం పిల్లలతో ఆడినప్పుడు నాకు ఆరు గోల్సు పడినాయి. ఊల్లోకి రాగానే అందరూ ఎంతొచ్చింది, ఎంతొచ్చింది అనడిగినారు. ఆరు పడినాయని సెప్పినాను. సెప్పకపోతే పడనట్టేనా? బోర్డు మీద రాసుంటాది కదమ్మా. అది సూసే కోచ్ మావోల్లని ఎనక్కి లాగినాడు, నాను ముందుకి జరిగినాను. ఏడోది ఆపీసినాను. నన్ను క్యాంపుకి తీసుకున్నాది ఆ ఏడోదాన్ని సూసే."

ఉదయశంకర్ లేచి నిలబడ్డాడు. "శుక్రవారం పొద్దున టెక్కలి బస్టాండులో ఉంటానమ్మా," అన్నాడు నూకాలమ్మతో. "మీరు రాకపోతే ఆ చోటు ఇంకో పిల్లకి పోతుంది. మళ్ళీ ఇప్పట్లో రాదు."

తరవాతి రోజుల్లో ఇందు ఒడ్డుకి వెళ్ళలేదు. బంతి వంటింటి మూల, నీళ్ళ క్యాను పక్కన పడి ఉంది. పిల్ల అలగలేదు, అన్నం మానలేదు, పిలిస్తే పలికింది. తను అనుకున్నదే జరుగుతోంది కదా, మనసు కుదుటపడాలి అనుకుంది నూకాలమ్మ. కుదుటపడలేదు, కలతా పడలేదు. అసలేమీ అవలేదు. గంప ఎత్తుకుని పలాస వెళ్ళి వచ్చింది.

గురువారం సాయంత్రం ఆమె గంప దించి అరుగు మీద కూలబడేసరికి ఇందు కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. తల్లి కాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏటి సేత్తన్నావు?"

"ఏటీ నేదు. ఉప్పుగాలి పడింది కదా."

నూనె రాసి, చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీసేసింది. నొక్కినచోట సొట్ట పడి, అలాగే ఉండిపోయింది.

నూకాలమ్మ ఆ సొట్టను చూసింది. ఆ సొట్ట ఆమెకు కొత్తది కాదు. ఇదే అరుగు మీద ఢిల్లీరావు కాలు మీద రోజూ చూసిందే.

"సెప్పులు నువ్వు ఏసుకోక కాదు, అవి పట్టక. కదా అమ్మా?" అంది ఇందు. "నాకు తెలుసు. నువ్వు సెప్పొద్దన్నట్టున్నావని నానూ సెప్పనేదు. నాను క్యాంపుకి ఎల్లను. నీ కాల్లిలగుంటే ఎలగెల్తాను?"

అరుగు మీద ధనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇందు మరేమీ అనకుండా రెండో కాలు అందుకుంది. నూకాలమ్మ వంచిన ఆ పిల్ల తలనే చూస్తూ కూర్చుంది. తను కూతురికి నంబరు లేకుండా కాపలా కాస్తోంది. కూతురు ఇన్నాళ్ళూ తన కాళ్ళకి కాపలా కాస్తోంది. ఈ ఇంట్లో ఇద్దరూ తెలియనట్టే తిరుగుతున్నారు, ఇద్దరికీ తెలుసు. ఢిల్లీరావు ఉన్నప్పుడూ ఇంతే జరిగింది.

శుక్రవారం పొద్దున నూకాలమ్మ చేపల జోలికి పోలేదు. తలంటుకుని, పెట్టెలోంచి నీలం చీర తీసి కట్టుకుంది. ఇందు మంచం దగ్గరికొచ్చి దుప్పటి లాగింది.

"నెగు. బేగి తెమలాల. బస్సెల్లిపోద్ది."

"ఎక్కడికమ్మా?"

"టెక్కలి."

ధనమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. "నెత్తల్లు నాను సూసుకుంటానులే," అంది. "తల నేని సేపకి మల్లీ తెంపనులే!" కళ్ళు తుడుచుకుంటూనే అంది ఆ మాట.

టెక్కలి బస్టాండులో వాళ్ళు దిగేసరికి ఉదయశంకర్ ఎదురొచ్చి, ఇంకేమీ అడగకుండా దగ్గర్లోని ల్యాబుకి తీసుకెళ్ళాడు. ఇందు చెయ్యి చాపింది. సూది దిగుతుంటే నూకాలమ్మ గోడకేసి చూసింది. తరవాత ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు. మాస్టారు టీ తెప్పించారు. నూకాలమ్మ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు, టీ మీద మీగడ కట్టింది.

లోపలి నుంచి ల్యాబు అతను రాగానే మాస్టారు లేవబోయారు. ఆయనకన్నా ముందు నూకాలమ్మ లేచింది.

"ఎంతొచ్చింది బాబూ?"

మొగుడు పోయాక ఆ ప్రశ్న ఆమె ఒకరిని అడగడం అదే మొదలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పాయింట్ ఏడమ్మా."

"అంటే?"

ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషికి ఆ లెక్క తెలియక కాదు. ఇంకొకసారి చెప్పించుకుందామని.

"అంటే బాగుందమ్మా. అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు."

నూకాలమ్మ బల్ల మీద కూర్చుంది. ముందు భుజాలు కదిలాయి. ఆ తరవాత గొంతులోంచి శబ్దం వచ్చింది. ఢిల్లీరావు శవం దగ్గర రానిది, పెద్దకర్మ నాడు రానిది, మంచి మాట విన్నాక వచ్చింది. ల్యాబులో ఉన్న జనం కంగారుపడ్డారు. "ఎంతొచ్చింది పాపం?" అని ఒకావిడ పక్కవాళ్ళని అడిగింది.

ఇందు తల్లి తలను పొట్టకేసి అదుముకుంది. "నాను ఆరు గోల్సు తిన్ననాడు కూడా ఇంత ఏడవనేదే అమ్మా," అంది. తనూ ఏడుస్తూనే ఉంది.

చాలాసేపటికి నూకాలమ్మ పమిటతో ముఖం తుడుచుకుంది. లేచి, కూతురు రక్తమిచ్చిన కుర్చీలోనే కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాగింది.

"నాదీ తియ్యి బాబూ."

ల్యాబు అతను మాస్టారి వైపు చూశాడు. ఉదయశంకర్ తలూపాడు.

"ఎంతొచ్చినా పిల్ల ముందే సెప్పు," అంది నూకాలమ్మ. "దాయకు. అది ఆరు తిన్న పిల్ల, ఏడోది ఆపడం దానికి తెలుసు. నువ్వు మాత్రం కాంపుకెల్లాలే ఇందూ. నంబరెంతొచ్చినా నాను మందులేసుకుంటాను, మామ్మ నన్ను తిట్టి మరీ మింగిత్తాది. ఫోన్లో రోజూ అడుగు, సెప్తాను."

"ఒట్టా?"

"ఒట్టు."

సూది దిగింది.

"అబ్బా! నొప్పెట్టిందే," అంది నూకాలమ్మ.

ఇందు ఆమె రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.