బూడిదరంగు వేళ్లు

ఇంటి కప్పు బాగుచేయడానికి వచ్చిన ఇద్వాల్ తాత సీసపు రేకును మళ్లీ కత్తిరించాడు. ఇది మూడో ముక్క.

పెరటి మెట్ల మీద కూర్చుని పదేళ్ల హెలెద్ కళ్లలో ఒత్తులేసుకుని చూస్తోంది. పొద్దున వ్యానులోంచి దించినప్పుడు అది ఒకే పొడవాటి చుట్ట. ఒకే రేకుగా వేయకుండా ఈ ముక్కలెందుకు? మిగిలింది నొక్కేయడానికే. కాకపోతే మరేమిటి?

పోయిన నెల ఊళ్లో చర్చి కప్పు మీది సీసాన్ని ఎవరో ఊడబీక్కుపోయారు. అప్పట్నుంచి నిచ్చెన కనిపిస్తే చాలు, హెలెద్‌కు అనుమానమే.

నాయనమ్మ గది మీద, పలకరాళ్ల కప్పు గోడను కలిసే చోట నీళ్లు దిగకుండా వేసిన పాత సీసపు రేకు చిరిగిపోయింది. వాన నీళ్లు సరిగ్గా మంచం మీదే పడుతున్నాయి. పాపం, నాయనమ్మ వారం నుంచి వంటింట్లో కుర్చీలోనే పడుకుంటోంది.

తాత చిన్న సీసం తునకల్ని గట్టిగా చుట్టి బిస్కెట్ల డబ్బాలో వేశాడు.

"దొరికాడు" అనుకుంది హెలెద్. ఆయన నిచ్చెనెక్కగానే డబ్బా తెరిచి, తునకలన్నీ తడిమి చూసింది. తరువాత దాన్ని బొగ్గుల గదిలో దాచేసింది. సాయంత్రం నాన్నకు చూపిస్తే సరి.

కాసేపటికి తాత దిగాడు. "ఏమ్మా, ఇక్కడో డబ్బా ఉండాలి. చూశావా?"

"నేనెందుకు చూస్తాను?"

"సీసం తునకలు చుట్టి చేసిన చీలలన్నీ అందులోనే ఉన్నాయి. రేకు అంచును గోడ సందులో దూర్చి, వాటితో బిగించాలి. లేకపోతే ఒక్క గాలికే జారిపోతుంది."

ఆయన కొండ వైపు చూశాడు. మబ్బు సగం దిగింది. వేల్స్ కొండల్లో వాన ఎవరి కోసమూ ఆగదు.

ఇంతలో నాయనమ్మ టీ, ఎండుద్రాక్షల రొట్టె తెచ్చిపెట్టింది. హెలెద్ రొట్టె కోసం చెయ్యి చాచింది. తాత ఆ చేతిని చూశాడు. వేళ్లన్నీ బూడిదరంగు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, హెలెద్ చెయ్యి వెనక్కి దాచుకుంది.

నాయనమ్మకు చెప్పేస్తాడనుకుంది. ఆయన చెప్పలేదు.

"సీసం ముట్టుకున్న చేత్తో తినకూడదమ్మా. పద, నేనూ కడుక్కుంటాను."

కుళాయి కింద ఇద్దరి చేతుల నుంచీ ఒకే రంగు నీళ్లు కారాయి. హెలెద్‌కు చచ్చేంత సిగ్గేసింది.

"డబ్బా బొగ్గుల గదిలో ఉంది తాతా. నేనే దాచాను. మీరు సీసం కొట్టేస్తున్నారనుకున్నాను."

"ఈ మోకాళ్లతో అంత బరువు మోసుకుని ఎంత దూరం పారిపోతానే?" అన్నాడు తాత. "నన్నే అడగొచ్చుగా."

"ఇప్పుడడుగుతున్నా. ముక్కలెందుకు చేశారు?"

"ఎండకు సీసం సాగుతుంది. పొడుగ్గా వేస్తే, సాగడానికి చోటు లేక చిరుగుతుంది. మీ పాత రేకు అలా పోయిందే. పొట్టి ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి వేస్తే దాని మానాన అది కదులుతుంది."

హెలెద్ పరుగున వెళ్లి డబ్బా తెచ్చింది. ఆఖరి చీల దిగేసరికి వాన మొదలైంది. నాయనమ్మ మంచం మీద అరచెయ్యి వేసి చూసుకుంది. ఎక్కడా తడి లేదు. దిండు తెచ్చుకుని, అక్కడే నడుం వాల్చింది.

తాత పాత సీసాన్ని వ్యాను వైపు ఈడుస్తున్నాడు. పక్కింటి ఎలునెద్ పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏమే హెలెద్, ఆ సీసం ఎక్కడికి పట్టుకుపోతున్నాడే? ఓ కన్నేసి ఉంచు."

"నాకూ తెలీదు పిన్నీ" అంది హెలెద్. "ఆయన ఇక్కడే ఉన్నారుగా, అడుగుదాం."

చేతులకు తొడుగులు వేసుకుని, వెళ్లి రేకు రెండో కొస పట్టుకుంది.