ఏనుగుకు నేర్పిన మలుపు

"పట్టీలన్నీ బిగించాను మేడం. ఈ పొట్టలో నేనొక్కణ్ణే," అన్నాడు సరుకుల గదిలోంచి ఏసోబు. హైమవతి నవ్వుకుని నాలుగు ఇంజిన్లనూ లేపింది. అది సైనిక రవాణా విమానం. దాని ఆకారం చూసి అందరూ ఏనుగు అంటారు. అంతటి ఏనుగునీ రెక్క మీద నిలబెట్టి, సముద్రపొడ్డున జనం కళ్లెదుట గిర్రున తిప్పడం ఆమె ఉద్యోగం.

ఆమె చేతుల కింద అనుచరి మేలుకుంది. ఈ యంత్రబుద్ధి మూడేళ్లుగా ఆమె చేతి కదలికలన్నీ నేర్చుకుంటోంది. ఇవాళ్టి ప్రదర్శన అయిపోతే ఆ చేతిముద్రను దేశంలోని ఏనుగులన్నిటిలోనూ పోస్తారు. ఇక పైలట్లు అక్కర్లేదు, హైమవతితో సహా. అయినా ఆమెకు గర్వంగానే ఉంది. తాను దిగిపోయినా తన చెయ్యి ఎగురుతూనే ఉంటుందంటే ఎవరికి చేదు?

"మా అమ్మాయి వరద బాధితుల్ని తెచ్చే ఏనుగులో నర్సు కదా మేడం," అన్నాడు ఏసోబు. "రేపట్నుంచి ఆ ఏనుగుకీ మీ చెయ్యేనంట. ఇక నాకు దిగుల్లేదు."

ఏనుగు నేల వదిలి సముద్రపొడ్డుకు చేరింది. "గట్టిగా పట్టుకోండి ఏసోబు గారూ, తిప్పుతున్నా."

రెక్క నేలవైపు వాలింది. సరిగ్గా ఇక్కడే వేగం తగ్గి, పడిపోతామని హెచ్చరిక మోగుతుంది. ప్రతిసారీ మోగుతుంది, పొట్ట ఖాళీ కాబట్టి ఏమీ కాదు. "దాని గోల పట్టించుకోకు" అని అనుచరికి ఆమె మొదటిరోజే చెప్పింది. మీట నొక్కి దాని నోరు మూయించడం ఆమెకు అలవాటైపోయింది. ఇవాళా వేలు చాచింది.

మోత అప్పటికే ఆగిపోయి ఉంది. ఆమెకన్నా ముందే అనుచరి ఆపేసింది.

హైమవతి వేలు మీట మీదే ఆగిపోయింది. రేపు స్ట్రెచర్ల మధ్య ఏసోబు కూతురు నిలబడి ఉండగా, నిండు బరువుతో ఉన్న ఏనుగులోనూ ఇది ఇలాగే హెచ్చరిక నోరు నొక్కేస్తుంది. ఆమె మలుపు సగంలోనే వదిలేసి రెక్కలు సరిచేసింది.

"ప్రదర్శన చెడింది. ఈ చేతిముద్ర చెల్లదు," అంది అనుచరి. "కారణం?"

"భయమేసింది."

"అది మీరెప్పుడూ నేర్పలేదు."

"తప్పు నాదే." ఆమె మీట నొక్కి హెచ్చరిక నోరు మళ్లీ తెరిచింది. వేగం ఇంకా పుంజుకోలేదు. చెవులు చిల్లులు పడేలా మోత లేచింది.

"ఏంటి మేడం ఆ మోత? ఆపరేంటి?" ఏసోబు గాభరాగా అరిచాడు.

"మోగనీండి."

ఆమె విమానం ముక్కు కొద్దిగా దించింది. ఏనుగు వేగం అందుకుంది. మోత దానంతటదే ఆగింది.

 అప్పుడు అనుచరి అడిగింది.

"మళ్లీ ఒకసారి చూపిస్తారా?"